ఇంటర్‌స్టెల్లార్‌లో నీళ్ల గ్రహం ఎక్కడ తీశారు? మన కృష్ణలో కుదురుతుందా?

బెజవాడ_ఫ్రేమ్స్:
ఇంటర్‌స్టెల్లార్ సినిమాలో కనుచూపు మేర నీళ్లు తప్ప ఏమీ కనిపించని గ్రహం ఉంది కదా. అది సెట్టా, నిజంగా ఎక్కడైనా తీశారా? నిజమైన చోటే అయితే అంత దూరం వెళ్లాల్సిన అవసరమేంటి? 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కి అలాంటి సీన్ ఒకటి కావాలి. ఇద్దరు ఆర్టిస్టులు, ఒక ఫుల్ ఫ్రేమ్ కెమెరా, రెండు లెన్సులు: 24 ఎంఎం (వైడ్), 85 ఎంఎం (దూరాన్ని దగ్గరగా చూపేది). ఎండాకాలం బ్యారేజీ కింద కృష్ణలో నీళ్లు పలచగా ఉంటాయి కాబట్టి అక్కడే కానిచ్చేద్దామని ఆలోచన. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ అయితే నయమా?

పాత_రీలు:
సెట్ కాదండి. 2013లో ఐస్‌లాండ్ దక్షిణాన బ్రూనాసాందుర్ అనే చోట తీశారు. మంచుకొండల నుంచి దిగే ఏర్లు అగ్నిపర్వతాల నల్ల ఇసుకను మోసుకొచ్చి సముద్రం దాకా పరిచిన మైదానం అది. చెట్టూ చేమా ఉండవు. పళ్లెంలో పోసినట్టు నీళ్లు పలచగా నిలబడతాయి, అడుగున ఇసుక కాబట్టి మనిషి నడవగలడు. దూరం నుంచి చూస్తే మహాసముద్రం, దిగితే మోకాళ్ల లోతు. ఈ రెండూ ఒకేచోట దొరకడమే అసలు కారణం.

ఆ సినిమా దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ గ్రీన్ స్క్రీన్‌ని (వెనక దృశ్యం తర్వాత కలిపేందుకు పెట్టే పచ్చ తెర) వీలైనంత తగ్గించే మనిషి. సుమారు 10,000 పౌండ్లు, అంటే నాలుగున్నర టన్నుల బరువున్న నమూనా వ్యోమనౌకల్ని అక్కడికే తీసుకెళ్లారు. నీళ్లలో నౌక నీడ, అడుగు వేస్తే లేచే తుంపర, ఇవన్నీ కెమెరాలోనే దొరుకుతాయి. ఆ సీన్‌లో మీదికొచ్చే కొండంత అల మాత్రం కంప్యూటర్‌లో చేసిందే.

ఇంకో లెక్క కూడా ఉంది. అదే సినిమాలో మంచు గ్రహానికి వాడిన స్వీనాఫెల్స్‌యోకుల్ హిమానీనదం అక్కడికి దగ్గరే, బెజవాడ నుంచి ఏలూరంత దూరం. బ్యాట్‌మన్ బిగిన్స్ సినిమాకి నోలన్ అప్పటికే అక్కడ పనిచేశాడు. ఒకే బస, రెండు గ్రహాలు, రెండు వారాల షూటింగ్. దాదాపు 350 మంది యూనిట్‌లో 130 మంది స్థానికులే. ‘అంత దూరం’ అనిపిస్తుంది గానీ, నిర్మాత వైపు నుంచి చూస్తే పొదుపైన ఏర్పాటే.

చలి సంగతి వేరు. కాస్ట్యూమ్ లోపల వేసుకున్న డ్రై సూట్ (నీళ్లు లోపలికి రానివ్వని సూట్) సరిగ్గా బిగించకపోవడంతో నీళ్లు లోపలికి పోయి, హీరోయిన్ ఆన్ హ్యాథవే హైపోథెర్మియా (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం) అంచుదాకా వెళ్లింది.

డెల్టా_సీజీ:
కృష్ణ వద్దు బ్రదర్. లోతు సరిపోయినా దిగంతం కుదరదు. ఎగువకి తిప్పితే బ్యారేజీ, ఇంద్రకీలాద్రి. దిగువకి తిప్పితే వారధి. పక్కకి తిప్పితే కట్ట మీద చెట్లు.

చెట్లు ఎంత ఇబ్బందో లెక్కేసుకోండి. 1920 పిక్సెళ్ల ఫ్రేమ్‌లో 3 కిలోమీటర్ల అవతల ఉన్న 15 మీటర్ల తాటిచెట్టు, 24 లెన్సుతో 6 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. చెరపడం చిటికెలో పని. 85 పెడితే 23 పిక్సెళ్లు. అదే చెట్టు అర కిలోమీటర్‌లో ఉంటే 24తోనే 38 దాటుతుంది, కెమెరా కదిలితే ఫ్రేమ్ ఫ్రేమూ గీసుకోవాలి. అందుకే వైడ్ షాట్లు 24తో ట్రైపాడ్ మీద కదలకుండా తీయండి. 85ని క్లోజప్‌లకే ఉంచుకోండి, వెనక మసకైపోతుంది.

కంప్యూటర్‌లో అల పెట్టేటప్పుడు అందరూ చేసే తప్పొకటి: అల నల్లగా నిలబెడతారు గానీ ముందున్న నీళ్లలో ఇంకా తెల్లటి ఆకాశమే మెరుస్తుంటుంది. వెనక అంత గోడ లేచినప్పుడు నీళ్లలో దాని ప్రతిబింబం మనుషుల కాళ్లదాకా రావాలి. అది లేకపోతే అతికించినట్టు ఇట్టే తెలిసిపోతుంది. పోలరైజర్ (నీళ్ల మెరుపు తగ్గించే ఫిల్టర్) కూడా వాడొద్దు, ఉన్న ప్రతిబింబాన్నీ మింగేస్తుంది.

ఇంకో మాట: నదిలో ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. చీలమండ లోతనుకుని అడుగేస్తే నిలువు లోతు. గేట్లు ఎత్తితే అది వేరే కథ.

బాపట్ల_పోటు:
సూర్యలంకే నయం, కాకపోతే వేళ చూసుకోవాలి. అమావాస్య, పున్నమి దగ్గర్లో నీళ్లు ఎక్కువగా వెనక్కి పోతాయి. పోటు దిగాక ఇసుక మీద పలచటి నీళ్ల మడుగులు మిగులుతాయి, ఫ్రేమ్ అక్కడ పెట్టండి. నాలుగు వేళ్ల లోతైనా ఉండాలి, లేకపోతే ముందు టేక్ అడుగుజాడలు కనిపిస్తాయి. వెనక విరిగే అలల తెల్ల నురగ గీత ఎలాగూ మీరు కంప్యూటర్‌లో పెట్టే అల కిందకి పోతుంది.

మనది తూర్పు తీరం. పొద్దున సముద్రం వైపు తిప్పితే సూర్యుడు లెన్సులోకే కొడతాడు. మధ్యాహ్నం మూడు దాటాక, మబ్బు ఉన్న రోజున తీయండి. ఆ సినిమాలో ఆ బూడిద రంగు దిగులు వచ్చింది నీడలు లేని వెలుతురు వల్లే. ఆదివారాలు వద్దు. కార్తీక పున్నమి అయితే నీళ్లకంటే తలకాయలే ఎక్కువ.

ఆర్టిస్టుల స్పేస్ సూట్‌కి మామూలు స్పాంజి వాడితే నీళ్లు పీల్చి బరువెక్కి జారిపోతుంది. ఈవీఏ ఫోమ్ షీట్ పీల్చదు. బూట్లకి మడమ పక్కన రెండు చిల్లులు పెట్టండి, నీళ్లు కారిపోతాయి. ట్రైపాడ్ కాళ్లు అదే రోజు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు పేరుకుంటే లాకులు బిగుసుకుపోతాయి.

బెజవాడ_ఫ్రేమ్స్:
థాంక్స్ అందరికీ. ఒక్క డౌట్: తెనాలి వైపు నాట్లకి ముందు దమ్ము చేసిన మడులు? నీళ్లు, మబ్బు రెండూ ఉంటాయి కదా.

డెల్టా_సీజీ:
చూడ్డానికి బావుంటుంది, పరిగెత్తడానికి కాదు. కాలు పిక్కదాకా దిగబడుతుంది, బూటు లోపలే ఉండిపోతుంది. పైగా ప్రతి మడికీ గట్టు. నిలబడి మాట్లాడుకునే షాట్ ఒకటి రైతుని అడిగి తీసుకోండి. పరుగంతా సూర్యలంకలో పెట్టుకోండి. రెండుచోట్లా నీళ్ల రంగు వేరు కాబట్టి గ్రేడింగ్‌లో (ఎడిటింగ్ తర్వాత రంగులు సరిచేసేటప్పుడు) మడి నీళ్ల ఎరుపు తగ్గించాల్సి వస్తుంది.