టమ్మీ టక్ తరువాత మిగిలిన మచ్చ: సర్జన్ లోపమా, ఒంటి తత్వమా?

సాగరతీరం:
నా వయసు 41. రెండు కాన్పులూ సిజేరియన్‌లే. 14 నెలల క్రితం విశాఖలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నాను. వేలాడే చర్మం పోయింది, కాన్పులతో ఎడమైన పొట్ట కండరాలను దగ్గరకు చేర్చి కుట్టారు, పాత సిజేరియన్ మచ్చ కూడా తీసేసిన చర్మంతోపాటే పోయింది. ఇవేవీ నేను కాదనడం లేదు. నా బాధ కొత్త మచ్చతోనే. ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా పురికొసలా ఉబ్బి, ఎడమ వైపుకు వచ్చేసరికి అంగుళం మేర పైకి ఎక్కి, సరిగ్గా లంగా బొందు బిగించుకునే చోట నిలిచింది. ఎండాకాలంలో ఎంవీపీ రైతుబజారు దాకా వెళ్లివస్తే చాలు, చెమటకు బొందు ఒరుసుకుని, ఇంటి తలుపు వేయగానే ముందు ముడి విప్పుకోవలసి వస్తోంది. "సన్నని గీత, కుచ్చిళ్ల కింద ఎవరికీ కనపడదు" అని సర్జన్ చెప్పిన మాట నమ్మాను. తప్పు ఎవరిది?

ఉక్కునగరం మనిషి:
అమ్మా, కత్తి పడ్డ చోట మచ్చ పడుతుంది. 1994లో పిత్తాశయంలో రాళ్లకు నాకు పొట్ట తెరిచి ఆపరేషన్ చేశారు. కుడి పక్కటెముకల కింద జానెడు మచ్చ ఈనాటికీ ఉంది. ఆ డాక్టరును నేను ఒక్క మాట కూడా అనలేదు.

మాధవధార:
మన ఊరి ఉక్కపోతలో ఏ గాయమైనా ఇలాగే మానుతుంది.

థియేటర్ సిస్టర్:
ఉక్కపోతకు దురద పెరుగుతుంది, మచ్చ అణగడానికి దానిమీద అంటించే సిలికాన్ షీటు ఊడిపోతుంది. మచ్చ ఉబ్బడానికి అది కారణం కాదు. 26 ఏళ్లు ఆపరేషన్ థియేటరులో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదాన్ని కనుక కొంచెం వివరంగా రాస్తాను. సాగరతీరం గారూ, ముందు ఒకటి చూసుకోండి: ఉబ్బు కోత గీతలోనే ఆగిందా, గీత దాటి పక్క చర్మంలోకి పాకిందా? గీతలోనే ఉంటే దానిని హైపర్‌ట్రాఫిక్ మచ్చ అంటారు, అది కాలం గడిచేకొద్దీ చాలావరకు అణగుతుంది. పాకితే కీలాయిడ్, అది దానంతట అది తగ్గదు, కోసి ఊరుకుంటే మళ్లీ పెరిగే ప్రమాదం ఎక్కువ, మన చామనఛాయ చర్మాలలో అది తరచుగా కనిపిస్తుంది. మచ్చ స్థిరపడడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది కాబట్టి మీకు ఇంకా గడువు ఉంది. సిలికాన్ షీటు రోజుకు 12 గంటలకు తగ్గకుండా నెలల తరబడి వాడాలి, అప్పటికీ అణగకపోతే మచ్చలోకే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందు సూదులు వేస్తారు. చర్మం ఎలా మానుతుందన్నది సర్జన్ చేతిలో పూర్తిగా ఉండదు. కాని కోత ఏ ఎత్తున పెట్టాలి, ఎంత చర్మం తీయాలి, బిగువు పైచర్మం మీద పడకుండా లోపలి పొరలు ఎలా కుట్టాలి అన్నవి మాత్రం ఆయన చూసుకోవలసినవే.

సాగరతీరం:
ఉబ్బు గీతలోనే ఉంది. మరి ఆ అంగుళం సంగతి?

ఉక్కునగరం మనిషి:
ఆ అంగుళాన్ని దేనితో కొలిచారు? పడుకుని కొలిచారా, నిలబడి కొలిచారా?

సాగరతీరం:
నిలువుటద్దం ముందు నిలబడి, టైలరు టేపుతో, తుంటి ఎముక మొన నుంచి కిందికి కొలిచాను. కుడివైపు రెండున్నర అంగుళాలు, ఎడమవైపు ఒకటిన్నర.

ఉక్కునగరం మనిషి:
ఏ మనిషికీ రెండు తుంట్లు సమానంగా ఉండవు. ఎముకే ఎత్తుపల్లాలుగా ఉంటే టేపు ఏం చేస్తుంది? నేల నుంచి కొలవండి.

థియేటర్ సిస్టర్:
తుంట్ల మాట నిజమే. అందుకే ఆపరేషన్‌కు ముందు మనిషిని నిలబెట్టి, బట్ట కట్టుకునే గీత చూసి, పెన్నుతో గుర్తులు పెడతారు. పడుకుంటే చర్మం జారి లెక్క తప్పుతుంది.

సాగరతీరం:
నాకు గుర్తులు పెట్టింది బల్ల మీద పడుకోబెట్టిన తరువాతే. నేను ఆరోజు నైటీలో ఉన్నాను. చీర ఎక్కడ కడతావని నన్ను ఎవరూ అడగలేదు.

మాధవధార:
కొబ్బరినూనె రాసి చూడండి.

ఉక్కునగరం మనిషి:
గుర్తులు, టేపులు అంటూ అసలు సంగతిని పక్కన పెడుతున్నారు. నా కోత ప్రాణం మీదకు వచ్చి పెట్టించుకున్నది. పిల్లలను కన్న పొట్ట వదులైతే సిగ్గుపడవలసింది ఏముంది? లక్షలు పోసి కోయించుకుని, మచ్చ పడిందని డాక్టరును నిందించడం నాకు న్యాయంగా తోచడం లేదు.

సాగరతీరం:
అయ్యా, ఎందుకు చేయించుకున్నావని నేను మిమ్మల్ని అడగలేదు. నా డబ్బు, నా ఒళ్లు. పదేళ్లు కుర్తా కింద బెల్టు బిగించుకుని ఉద్యోగం చేసినదాన్ని నేను. అప్పుడు ఊపిరాడక పడిన బాధ మీరు పడలేదు. నా మచ్చను పట్టుకుని మీరు ఎవరికి పాఠం చెబుతున్నారు?

ఉక్కునగరం మనిషి:
మా అమ్మాయికి. వచ్చే నెలలో ఇదే ఆపరేషన్‌కు తేదీ తీసుకుని, నన్ను డబ్బు సర్దమంది. మీ మొదటి పోస్టును ఫోనులో చూపించి, ఇదిగో చూడు, ఎలా బాధపడుతోందో అన్నాను. అంతా చదివి, "చేయించుకున్నందుకు బాధపడుతున్నానని ఆవిడ ఎక్కడ రాశారు నాన్నా?" అంది. అప్పటి నుంచీ మా ఇద్దరికీ మాటలు లేవు. కోపంలో మిమ్మల్ని ఏదో అన్నాను, మన్నించండి. ఇప్పుడైనా సూటిగా అడుగుతున్నాను: మళ్లీ మొదటికి వస్తే చేయించుకుంటారా?

సాగరతీరం:
చేయించుకుంటాను. చీర కట్టుకుని వెళ్లి, నిలబడి గీతలు గీయించుకుంటాను. ఏడాది తరువాత తీసిన ఫొటోలు, అందులోనూ మానక ఉబ్బినవి కూడా చూపించమని అడుగుతాను. నాకు చూపించినవన్నీ బాగా మానినవే.

థియేటర్ సిస్టర్:
సార్, మీ అమ్మాయి మళ్లీ పిల్లలు వద్దనుకున్నారా, బరువు నిలకడగా ఉందా, ఇవి సర్జన్ ఎలాగూ అడుగుతారు. నేను ఒక్కటే అడుగుతాను. చెవులు కుట్టించిన చోటగానీ టీకా వేసిన చోటగానీ ఎప్పుడైనా గడ్డ కట్టిందా?

ఉక్కునగరం మనిషి:
కాలేజీలో ఉండగా కుడి చెవి పైభాగాన రెండోసారి కుట్టించుకుంది. అక్కడ శనగగింజంత గట్టిగా ఉండేది, ఏళ్లు గడిచాక ఇప్పుడు రేగుగింజంత అయింది. జుట్టు కప్పుకుంటుంది కనుక మేమెవరమూ పట్టించుకోలేదు. డాక్టరుకు చెప్పిందో లేదో ఇప్పుడే వెళ్లి అడుగుతాను.