చదవడం రాని అక్క స్త్రీల కూడికకు రావడం మానేసింది, ఏం చేయాలి?

ప్రశ్న (నర్సంపేట దగ్గరి పల్లె నుంచి)
అందరికీ వందనాలు. మా సంఘంలో గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక జరుగుతుంది. చుట్టూ కూర్చుని తలా ఒక వచనం చదవడం పాత అలవాటు. భర్త చనిపోయిన ఒక అక్క ఈ మధ్య రావడం లేదు. ఇంటికి వెళ్లి అడిగితే, "బైబిలు నా దాకా వచ్చేసరికి చెమటలు పడతాయమ్మా, పక్కామెకు ఇచ్చేస్తుంటే అందరూ నన్నే చూస్తారు" అంది. ప్రార్థనలో ఆమెకు సాటి వచ్చేవారు మాలో లేరు. నా చిన్నకొడుకు జ్వరంతో మూలుగుతుంటే తెల్లవార్లూ మా ఇంట్లో మోకాళ్ల మీద ఉంది. అలాంటి మనిషి అక్షరాలు రావని ఇంట్లో ఉండిపోవడం నాకు భరించరానిదిగా ఉంది.

పైగా ఇది మిర్చి ఏరే కాలం. చీకటితోనే ఆటోల్లో వెళ్లే ఆడవాళ్లకు గురువారం మధ్యాహ్నం తీరిక ఎక్కడిది? విశ్వాసం చల్లారిందని పెద్దవాళ్లు అంటున్నారు, నేను ఒప్పుకోను. ఎలా నడపాలో చెప్పండి.

జవాబు (హనుమకొండ, రిటైరైన నర్సు)
చెల్లీ, వినడం వల్లే విశ్వాసం కలుగుతుందని రోమా 10:17లో ఉంది. మన డోర్నకల్ సంగతే చూడు. 1912లో అజరయ్య గారు అక్కడ బిషప్ అయిన కాలంలో పల్లె విశ్వాసుల్లో చదువుకున్నవారు చాలా తక్కువ. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం కంఠతా నేర్పేవారు, వాక్యాన్ని పాటలుగా పాడించేవారు. సంఘం అలాగే పెరిగింది.

ఒకరు కథను నెమ్మదిగా రెండుసార్లు చదవండి, ఇంకొకరు తన మాటల్లో చెప్పాలి. అపొస్తలుల కార్యములు 9తో మొదలుపెట్టండి. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు పేతురుకు చూపించారు. ఆ కథను మీ అక్క చెబితే ఎలా ఉంటుందో ఊహించు! కొత్తగా వచ్చిన కోడళ్లకు ప్రార్థన నేర్పే పని కూడా ఆమెకే అప్పగించండి. తీతు 2లో పౌలు వృద్ధ స్త్రీలకు అప్పగించింది ఇలాంటి పనే.

జవాబు (పరకాల)
మాకు పత్తి ఏరే రోజుల్లో ఇదే ఇబ్బంది. రాత్రి అన్నాలయ్యాక ఇరుగుపొరుగు ముగ్గురు నలుగురం ఒక ఇంట్లో కూర్చుంటాం. చిన్న గుంపులోనే మనసు విప్పుతారు.

ఒక హెచ్చరిక అక్కా. మా దగ్గర ఒక కోడలు తన బాధను ప్రార్థన అంశంగా చెప్పుకుంటే, మర్నాటికి నల్లా దగ్గర అందరి నోటా అదే. ఆమె మళ్లీ నోరు విప్పలేదు. విన్నది దేవునికి తప్ప ఎవరికీ చెప్పకూడదని ముందే గట్టిగా అనుకోండి. భర్త కొడుతున్నాడని ఎవరైనా ఏడిస్తే ప్రార్థనతో ఆపకండి. ఆమె సరేనంటే పక్కన కూర్చుని 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోను చేయించండి.

జవాబు (కాజీపేట)
చదివించడం పూర్తిగా మానకండి. మా అమ్మకు 23వ కీర్తన కంఠతా వచ్చు. దాని మీదే వేలు పెట్టి, నోటికి వచ్చిన మాటను అచ్చులో గుర్తుపడుతూ అరవై దాటాక చదవడం నేర్చుకుంది. ఆ అక్కను అడిగి చూడండి. ఇష్టమైతే ఆమె ఇంట్లో, ఒకరే కూర్చుని నేర్పాలి.

అడిగినవారు
మీ అందరికీ వందనాలు. పాస్టరమ్మ గారితో మాట్లాడాను. మిర్చి పనులు అయ్యేదాకా ఆదివారం సాయంత్రం, చిన్న గుంపులుగా కూడుకుంటాం. మొదటి గుంపు అక్క ఇంట్లోనే. దొర్కా కథ నేను చదువుతాను, ఆమె చెబుతానంది. 181 కూడా అందరికీ నోటికి వచ్చేలా చూస్తాను.