అమ్మకి కీళ్లవాతం, టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ మొదలుపెట్టించమంటారా, ఆగమంటారా?

గుంటూరు అమ్మాయి:
మా అమ్మకి 54 ఏళ్లు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది, రుమటాయిడ్ అని తేలాక మానేసింది. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకోదు, చెంబు కూడా రెండు చేతులా పట్టుకుని ఎత్తుతుంది, జడ నేనే వేస్తున్నాను. మెథోట్రెక్సేట్ మాత్రలు ఎనిమిది నెలలు వాడినా వాపులు తగ్గలేదు. ఇప్పుడు డాక్టర్ గారు టీఎన్‌ఎఫ్‌ని (ఒంట్లో వాపుని పెంచే ప్రొటీన్‌ని) ఆపే ఇంజెక్షన్ రాస్తామని, ముందు టీబీ పరీక్ష చేయించమని అన్నారు. అమ్మకి దగ్గే లేదు, మరి అదెందుకు? 2025లో ఇమ్యూనిటీ పరిశోధనకి నోబెల్ వచ్చింది కదా, ఆ మందు వచ్చేదాకా ఆగితే మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ అన్నయ్య, విజయవాడ:
ఆగొద్దమ్మా. ఆ నోబెల్ మన ఒంటి మీద మన రక్షణ కణాలే దాడి చేయకుండా అదుపు చేసే టి కణాలని కనిపెట్టినందుకు, వాటితో చికిత్సలు ఇంకా ట్రయల్స్‌లోనే ఉన్నాయి. ఈలోపు వాపు ఎముకని తినేస్తే అది తిరిగి రాదు. మీ డాక్టర్ గారు చెప్పింది కూడా పరిశోధనలోంచి వచ్చిందే. లండన్‌లో ఫెల్డ్‌మాన్, మైనీ అనేవాళ్లు కీళ్లలో మంటని రాజేసేది టీఎన్‌ఎఫ్ అని పట్టుకుని, 1992లో దాన్ని అడ్డుకునే మందుని రోగులకి ఇచ్చి చూశారు. అలాంటి ఇంజెక్షన్లలో ఒకటైన అడాలిముమాబ్‌కి మన దేశంలో బయోసిమిలర్ (అదే మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసేది) 2014లోనే వచ్చింది, ఒరిజినల్ కన్నా చవక. అయినా భారమే, కాబట్టి టోఫాసిటినిబ్ మాత్రలు అమ్మకి సరిపోతాయేమో కూడా అడగండి.

టీబీ సంగతి: మనలో చాలామందికి ఆ క్రిమి లోపల నిద్రపోతూ ఉంటుంది, దగ్గు ఉండదు. దాని చుట్టూ ఒళ్లు కట్టుకున్న గోడని నిలబెట్టేది కూడా ఈ టీఎన్‌ఎఫే, దాన్ని ఆపితే గోడ కూలుతుంది. ఈ మందు తీసుకున్నవాళ్లలో టీబీ బయటపడుతోందని 2001లో గుర్తించాకే ముందస్తు పరీక్షలు గట్టిగా పెట్టారు. ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) లేదా ఇగ్రా (రక్తంతో చేసేది) చేయించండి, హెపటైటిస్ బి కూడా. క్రిమి ఉందని తేలినా కంగారొద్దు, దానికి మందు మొదలుపెట్టి, మామూలుగా ఒక నెల తర్వాత ఇంజెక్షన్ ఇస్తారు.

పటమట నుంచి:
ఒక్క మాట అక్కా. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే, అమ్మ అలాగే వేసుకుంటున్నారా? మా నాన్నకి ఒక మందుల షాపులో కవరు మీద రోజూ అని రాసిచ్చారు, తొమ్మిది రోజులు వేసుకున్నారు, నోరంతా పుళ్లు, తెల్లకణాలు పడిపోయి అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఇంజెక్షన్‌తో పాటు ఆ మాత్ర కూడా సాగుతుంది చాలామందికి. అందుకే ఇప్పుడు క్యాలెండర్‌లో ఆదివారాల చుట్టూ ఎర్రపెన్నుతో గీసి, వేసుకున్నాక టిక్ పెడుతున్నాం. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు.

గుంటూరు అమ్మాయి:
ఇప్పుడే మాత్రల షీటు తీసి లెక్కపెట్టాను తమ్ముడూ, వారానికే వేసుకుంటోంది. రేపు పొద్దున అమ్మ చేతులు కాస్త సాగాక ఎక్స్‌రేకి తీసుకెళ్తాను.