పనామా కాలువ దాటే ఓడ మీద పక్షులు: ఏ డెక్, ఏ వైపు, ఏ బైనాక్యులర్?

ప్రశ్న
అక్టోబరు చివర్లో ఫ్లోరిడా నుంచి శాన్ డియేగోకు 15 రోజుల ఓడ ప్రయాణం. మధ్యలో ఒక పగలంతా పనామా కాలువ. కొల్లేరు, పులికాట్ గట్ల మీద నిలబడి చూసే అలవాటే తప్ప కదిలే ఓడ మీద నుంచి చూడటం కొత్త. 10×42 బైనాక్యులర్ (పది రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 42 మి.మీ.), ట్రైపాడ్ మీద నిలిపే స్కోప్ (దూరదర్శిని) ఉన్నాయి. రెండూ తేవాలా? కాలువలో ఏ వైపు నిలబడాలి? సముద్రంలో గంటల తరబడి ఏమీ కనబడదంటారు, నిజమేనా?

సమాధానం 1
స్కోప్ ఇంట్లోనే ఉంచేయండి. ఇంజను అదురు ట్రైపాడ్ కాళ్ల గుండా పైకి పాకుతుంది, బొమ్మ నిలవదు. 10× పనికొస్తుంది గానీ, 8×42 దొరికితే అదే తీసుకోండి. చూపు వెడల్పు ఎక్కువ కాబట్టి అలల మధ్య మాయమైన పక్షి మళ్లీ తొందరగా దొరుకుతుంది.

చాలామందిని దెబ్బతీసేది అద్దాల మీద పట్టే ఆవిరి. ఏసీ గదిలోంచి ఉక్కపోత డెక్ మీదకు రాగానే పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది, పైగా ఉప్పు రేణువులు అద్దాన్ని గీరేస్తాయి. బైనాక్యులర్‌ను సంచిలో మూసి అరగంట ముందే బయట పెట్టండి. ఉప్పు తుంపర పడితే ముందు ఊది, ఆ తర్వాత మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దండి.

సముద్రంలో ఎంత కింది డెక్ అయితే అంత మేలు. పదో అంతస్తు నుంచి చూస్తే స్టార్మ్ పెట్రెల్ అనే చిన్న సముద్రపు పక్షి నీటి మీద చుక్కే. అణియం, అంటే ఓడ ముందు కొస దగ్గర చోటు దొరికితే వదలకండి. ఓడకు బెదిరి ఎగిరే పరవ చేపల కోసం బూబీలనే సముద్రపు పక్షులు అక్కడే కాచుకుంటాయి. కరీబియన్‌లో బ్రౌన్, మాస్క్డ్ బూబీలను, పసిఫిక్ వైపు నాజ్కా బూబీని వెతకండి. మెక్సికో బాహా తీరానికి చేరాక బ్లాక్ వెంటెడ్ షియర్‌వాటర్‌ను చూడండి. ఖాళీ గంటలు ఉంటాయి, నిజమే. అయినా తెల్లవారిన తర్వాతి రెండు గంటలు మాత్రం వదులుకోవద్దు.

సమాధానం 2
కాలువ సంగతి చెబుతాను. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు అంటే పడమరకు పోతామనుకుంటాం. నిజానికి ఓడ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వెళ్తుంది. కాబట్టి ఉదయం ఎండ ఎడమ ముందు నుంచి కళ్లలో పడుతుంది. అప్పుడు కుడి వైపు నిలబడండి, గటూన్ సరస్సులోని బారో కొలరాడో దీవి కూడా అటే. గాంబోవా ఊరి దగ్గర, చాగ్రెస్ నది కలిసే చోట, ఎడమకు మారండి. అటు సోబెరానియా అడవి ఉంటుంది.

కాలువ మొదట్లో, గటూన్ లాకుల్లో ఓడను 26 మీటర్లు ఎత్తుతారు. అందరూ గేట్లను చూస్తుంటే మీరు దీప స్తంభాలను, గట్టు గడ్డిని చూడండి. ఓడ దాదాపు నిలిచి ఉండే సమయం అదే. సరస్సు మధ్యలో అడవి దూరం, పెద్ద ముక్కు టూకాన్ దొరికితే అదృష్టం. మాంగ్రోవ్ స్వాలో, నత్తలు తినే స్నెయిల్ కైట్ మీద ఆశ పెట్టుకోవచ్చు. జంటలుగా ఎగిరే చిలకలను అరుపును బట్టి పోల్చాలి. కొండను తవ్వి తీసిన కులేబ్రా కోతలో గట్లు దగ్గరకొస్తాయి, ఆ 13 కిలోమీటర్లు కూర్చోకండి.

సమాధానం 3
పై సమాధానాలు సరైనవే, కానీ కాలువ రోజున కింది డెక్ వద్దు. అక్టోబరు చివర అంటే ఉత్తర అమెరికా గద్దల వలసకు మంచి అదను. గద్దలను పైకి తేల్చే వేడిగాలి సుడులు సముద్రం మీద లేవవు కాబట్టి ఆ పక్షులన్నీ ఈ సన్నని నేల మీదుగానే దక్షిణానికి పోతాయి. పొద్దెక్కి నేల వేడెక్కాక, పైకప్పు లేని డెక్ మీద తల ఎత్తి వెతకండి. రెక్కలు పొడవుగా, మొనదేలి, రెక్క అడుగున వెనకవైపు పెద్ద ఈకలు నల్లగా ఉంటే స్వెయిన్సన్స్ హాక్. చిన్నగా, రెక్క అడుగు తెల్లగా, అంచు నల్లగా ఉంటే బ్రాడ్ వింగ్డ్. టర్కీ రాబందు రెక్కలను వి ఆకారంలో ఎత్తి ఊగుతుంది. వానాకాలమే కాబట్టి గొడుగు కాదు, రెయిన్‌కోటు తెచ్చుకోండి.

చూసిన పక్షుల లెక్క రాసే ఈబర్డ్ యాప్‌లో, తీరానికి 3 కిలోమీటర్లు దాటితే పెలాజిక్ (నడిసముద్రం) పద్ధతి ఎంచుకుని, గంటకో కొత్త జాబితా మొదలుపెట్టండి. 20 నాట్ల వేగంలో ఓడ గంటకు 37 కిలోమీటర్లు పోతుంది, ఒకే జాబితాలో ఏ పక్షి ఎక్కడిదో తెలియదు. పనామా, కోస్టారికా, మెక్సికో దేశాల పక్షుల జాబితాలను ఒడ్డున ఉండగానే దింపుకోండి. ఫోన్ జీపీఎస్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, కానీ ఇనుప గోడల మధ్య కాదు, డెక్ మీద తెరవండి.

ఇంకొకటి, ఇది తప్పక చేయండి. రాత్రి బాల్కనీ తెర వేసేయండి. వెలుగుకు స్టార్మ్ పెట్రెల్స్ వచ్చి డెక్ మీద పడతాయి, చదును నేల మీద నుంచి లేవడం వాటికి కష్టం. దొరికితే అట్టపెట్టెలో పొడి తువ్వాలు పరిచి, చీకట్లో ఉంచి, సిబ్బందికి చెప్పండి. నీళ్లు, తిండి పెట్టొద్దు. ఈకలు ఆరాక, రాత్రి పూట, దీపాలు లేని పక్క కింది డెక్ నుంచి వదలాలి.