15–17 ఏళ్ల అమ్మాయిలతో క్లినిక్ సర్వే: ఇంట్లోవాళ్ల సంతకం తప్పదా?

కమ్యూనిటీ_మెడిసిన్_పీజీ: ఆర్‌కేఎస్‌కే (కేంద్ర ప్రభుత్వ కౌమార ఆరోగ్య కార్యక్రమం) కౌమార క్లినిక్ నుంచి బయటికొచ్చే 15–17 ఏళ్ల అమ్మాయిలను సేవలు ఎలా ఉన్నాయో అడగాలి. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ తల్లిదండ్రుల సమ్మతి తెమ్మంటోంది. సంతకానికి వెళ్తే ఆ అమ్మాయి క్లినిక్‌కి వచ్చినట్టు ఇంట్లో తెలిసిపోతుంది. హాస్టల్ పిల్లలకు వార్డెన్ సంతకం సరిపోతుందా?

నైతిక_సమీక్ష: వార్డెన్ సంతకం వద్దండీ. ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టులో 10–14 ఏళ్ల ఆడపిల్లల తరఫున వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుబట్టింది. పైగా వార్డెన్ ఎదురుగా నిలబడితే ఏ పిల్లా "నేను చెప్పను" అనలేదు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో మామూలు పద్ధతి పిల్ల అసెంట్, అంటే పిల్ల తానే ఒప్పుకోవడం, దానితోపాటు తల్లిదండ్రుల సమ్మతి. రిస్క్ అతి తక్కువైతే సమ్మతికి మినహాయింపు ఇచ్చే అధికారం కమిటీకి ఉంది. దరఖాస్తులో "సంతకాలు దొరకడం కష్టం" అని రాస్తే ఒప్పుకోరు. సంతకం అడగడం వల్లే పిల్లకు ఏ హాని జరుగుతుందో రాయండి, ప్రశ్నలన్నీ జతచేయండి. అసెంట్ కూడా నోటిమాటగా తీసుకునే అనుమతి అడగండి.

పోక్సో_డెస్క్: అసలు చిక్కు ప్రశ్నల్లో ఉంది. 18 లోపు వాళ్ల లైంగిక సంబంధం, ఇష్టపడి జరిగినా, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరమే. తెలిసినవారెవరైనా సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పాలి, పరిశోధకులకు మినహాయింపు లేదు. 2022 సుప్రీంకోర్టు తీర్పులో పోలీసులకు అమ్మాయి పేరు చెప్పనక్కర్లేదన్న వెసులుబాటు గర్భస్రావం చేసే డాక్టర్లకే.

కాబట్టి "ఎవరితోనైనా సంబంధం ఉందా?" అని అడగొద్దు. సేవల నాణ్యత తెలియడానికి అది అక్కర్లేదు కూడా. తలుపు వేశారా, గదిలో ఇంకెవరున్నారు, వరండాలో పేరు పెట్టి గట్టిగా పిలిచారా, ఇవి అడగండి. "ఎవరికీ చెప్పం" అని మాటివ్వకండి. "ఎవరైనా నిన్ను ఇబ్బంది పెట్టారని చెబితే నేను పోలీసులకు చెప్పాల్సి వస్తుందమ్మా" అని మొదలుపెట్టే ముందే చెప్పాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎలా ఫోన్ చేయాలో కూడా.

ఫీల్డ్_డేటా: ఆ క్లినిక్‌లు 10–19 ఏళ్ల వాళ్లవి. 18–19 వాళ్లు తమ సమ్మతి తామే ఇస్తారు, సగం జవాబులు అక్కడే దొరుకుతాయి. ముందు వాళ్లతో చేసి చూడండి.

చేతికి కాగితం ఇవ్వకండి. స్కూల్ బ్యాగులో మడిచిపెట్టిన సమాచార పత్రం సాయంత్రానికి అమ్మ చేతిలో పడుతుంది. ఫోన్ నంబర్ తీసుకోవద్దు. రిపోర్టులో మండలం పేరు పక్కన "16 ఏళ్లు, పెళ్లికాలేదు, గర్భ పరీక్ష: 1" అని పట్టిక వేస్తే, పేరు లేకపోయినా ఊరంతా గుర్తుపడుతుంది. 5 కన్నా తక్కువున్న గడులను జిల్లా స్థాయిలో కలిపేయండి.