"శాటర్‌డే నైట్ స్పెషల్"ని "నాటు తుపాకీ" అనొచ్చా?

ప్రశ్న: 1960ల అమెరికా మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో చవక చేతి తుపాకీలను "శాటర్‌డే నైట్ స్పెషల్" అంటున్నారు. "నాటు తుపాకీ" అని రాయొచ్చా అండీ?

జవాబు: వద్దండీ. నాటు అనగానే మనవాళ్ళకి ఊళ్ళో చేయించుకున్న తుపాకీ, అడవిపందుల వేట గుర్తొస్తాయి. మీ వ్యాసంలోవి ఫ్యాక్టరీ సరుకు, వాటిలో చాలా భాగం పరాయి దేశాల నుంచి దిగుమతైనవి. పశ్చిమ జర్మనీ కంపెనీ రోహ్మ్ చేసిన చిన్న రివాల్వర్లే చూడండి. గట్టి ఉక్కు బదులు జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చట్రం చేసేవాళ్ళు, అందుకే అంత చవక.

కెనెడీ హత్య కేసులో నిందితుడు ఆస్వాల్డ్ దగ్గర దొరికిన రివాల్వరు మెయిల్ ఆర్డరులో 29.95 డాలర్లకు తెప్పించుకున్నది. అది అమెరికాలోనే తయారై, రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండుకు వెళ్ళి, తిరిగి దిగుమతైంది. దాన్ని నాటు అంటామా, సీమ అంటామా?

1968 తుపాకీల చట్టంతో దిగుమతికి అడ్డుకట్ట పడింది. "స్పోర్టింగ్"కి పనికొచ్చేవే రానివ్వాలన్నారు. దాన్ని "క్రీడలు" అని రాయకండి, కబడ్డీ గుర్తొస్తుంది. "వేట, గురి పోటీలు" అంటే సూటిగా ఉంటుంది. పొడవు, బరువు, భద్రత వగైరాలకు మార్కులు పెట్టారు: పిస్టలుకి 75, రివాల్వరుకి 45 రావాలి. జర్మనీ పిస్టలు వాల్తర్ పీపీకే చవక సరుకేం కాదు, అయినా కొలత చాలక ఆగిపోయింది. కంపెనీ దాని పైభాగాన్ని తమ పెద్ద పిస్టలు పీపీ చట్రం మీద బిగించి పీపీకే/ఎస్ అని పంపింది.

చట్టం తుపాకీని ఆపింది గానీ విడిభాగాలను ఆపలేదు. జర్మనీ భాగాలతో అమెరికాలోని మయామిలో రోహ్మ్ రివాల్వర్లు బిగించడం మొదలైంది. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద పేలింది అలా బిగించిన రోహ్మ్ రివాల్వరే, ఆర్‌జీ-14. చట్టం వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు దాటింది. నాకు బాధ కలిగించేది ఇదే.

ప్రశ్న: అయితే "నాసిరకం తుపాకీ"?

జవాబు: అదీ నాకు నచ్చదు. నాసిరకం అంటే పేలదేమో అనిపిస్తుంది, ఇవి బాగానే పేలాయి. పైగా ఆ ఇంగ్లీషు మాటలోనే కొనే పేదల మీద చిన్నచూపు ఉందని అమెరికాలో వాదించినవాళ్ళున్నారు. మొదటిసారి ఇంగ్లీషు పేరు తెలుగు లిపిలో ఇచ్చి, ఆ తర్వాత "చవక చేతి తుపాకీ" అనండి. దిగుమతి సంగతి వచ్చినచోట "విదేశీ" చేర్చండి, మయామిలో బిగించినవాటికి మాత్రం చేర్చకండి.