షింగు నది జీబ్రా ప్లెకో: నదిలో పట్టింది కొనొచ్చా?

పులసతీరం:
ఎల్‌046 అని అక్వేరియం వాళ్ళు పిలిచే ఈ ప్లెకో చేప శాస్త్రీయ నామం హిపాన్‌సిస్ట్రస్ జీబ్రా. బ్రెజిల్‌లో షింగు నది ఒంపు తిరిగే వోల్టా గ్రాండేలో తప్ప లోకంలో ఇంకెక్కడా పుట్టదు. 2004లో బ్రెజిల్ దీన్ని అంతరించే జాతుల జాబితాలో చేర్చి పట్టడం నిషేధించింది. అయినా "వైల్డ్ కాట్, కొలంబియా ఇంపోర్ట్" (నదిలో పట్టింది, కొలంబియా నుంచి తెచ్చింది) అన్న ప్రకటనలు ఆగలేదు. నేను అడిగేది ఒక్కటే. బెలో మోంటే ఆనకట్ట కట్టి, ఆ ఒంపులోకి పోవాల్సిన నీళ్ళలో 80 శాతం దాకా పక్క కాలవకి మళ్ళించారు. ఎలాగూ చచ్చే చేపని తెచ్చి ట్యాంకులో బతికించుకుంటే తప్పెలా అవుతుంది? కాదనే నేనంటాను. చట్టం పేరు చెప్పి భయపెట్టకండి, కారణం చెప్పండి.

నల్లరాయి:
కారణం ఆ ప్రకటనలోనే ఉందండీ. షింగు తూర్పున, అమెజాన్ సముద్రంలో కలిసే వైపు ఉంది. కొలంబియా రేవు లెటీషియా పడమటి కొసన ఉంది. జీబ్రా కొలంబియాలో పుట్టదు కాబట్టి "కొలంబియా నుంచి వచ్చిన వైల్డ్ జీబ్రా" అని ఏ కాగితం చెప్పినా అది దొంగ కాగితమే. షింగు ఒడ్డున ఆల్టమీరాలో పట్టి, మనౌస్ మీదుగా బ్రెజిల్ సరిహద్దు ఊరు టబటింగా చేరుస్తారు. అక్కడినుంచి రోడ్డు దాటితే లెటీషియా.

ఇక చట్టం. 2017లో బ్రెజిల్ కోరగా ఈ చేప సైటిస్ (అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మూడో అనుబంధంలోకి వచ్చింది. 2022 నవంబర్‌లో పనామా సమావేశం ఇంకా గట్టి అదుపుండే రెండో అనుబంధంలోకి మార్చింది. నదిలో పట్టిన చేపకి వ్యాపార ఎగుమతి కోటా సున్నా. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి లేసీ చట్టం వేరే ఉంది: చేప పుట్టిన దేశపు చట్టం మీరి పట్టినదైతే, దాన్ని తెలిసి కొన్నా అమ్మినా అక్కడ కూడా నేరమే.

ట్యాంక్‌మేట్:
ఎఫ్1 (పట్టిన జతకి ట్యాంకులో పుట్టిన మొదటి తరం) అయితే గొడవ లేదు కదా అన్నా?

పులసతీరం:
అదే నేనూ అంటాను. ట్యాంకులో పుట్టిన పిల్ల ట్యాంకు చేపే. ఈ చర్చ అక్కడితో అయిపోవాలి.

నల్లరాయి:
అయిపోదు. సైటిస్ పర్మిట్ మీద మూలం గడి ఒకటి ఉంటుంది. డబ్ల్యూ అంటే నదిలో పట్టింది. సి అంటే పెంపకంలో పుట్టింది. ఎఫ్ అంటే పెంపకంలోనే పుట్టినా సి షరతులకి అందనిది. సి రావాలంటే తీర్మానం 10.16 ప్రకారం తల్లిదండ్రుల్ని చట్టబద్ధంగా సంపాదించి ఉండాలి. పైగా ఆ పెంపకందారు రెండో తరం దాకా తీసి ఉండాలి, లేదా తీయగలడని నమ్మకంగా చూపించాలి. దొంగ జతకి పుట్టిన ఎఫ్1కి ఈ రెండింట్లో మొదటిదే లేదు. "ట్యాంకులో పుట్టింది" అన్నంత మాత్రాన మురికి పోదు.

ట్యాంక్‌మేట్:
మరి ఎఫ్2, అంటే రెండో తరం?

నల్లరాయి:
తాతముత్తాతల కాగితం అడగండి.

పులసతీరం:
మూడు తరాల కాగితాలు మన దగ్గర గేదె కొన్నా అడగరు! ఎఫ్1, ఎఫ్2 అని ఇలా అడిగే కొత్తవాళ్ళందరినీ ఈ వేదిక నుంచి పారదోలారు. కాగితం లేని ఎఫ్2 కొన్నానని నిజం చెప్పినందుకు నన్ను దొంగ అన్నది ఇక్కడే. అబద్ధం చెప్పినవాళ్ళకి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు.

మాధవి_డాలస్:
కాగితాలు పక్కన పెట్టి సంచీ సంగతి చూడండి. ప్లెకో రెక్క ముల్లు పాలిథీన్‌ని చీల్చేస్తుంది. పద్ధతిగా పంపేవాళ్ళు రెండు మూడు రోజులు మేత ఆపి, రెండు సంచులు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మూలలు టేపుతో మడిచి, మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్ నింపుతారు. సూట్‌కేసులో దాచేవాళ్ళకి బరువు, చప్పుడు, స్కానర్ భయం. నీళ్ళు తగ్గిస్తారు, ఉపవాసం పెట్టే వ్యవధి ఉండదు. దార్లో చేప రెట్ట వేస్తే అమ్మోనియా పేరుకుంటుంది. ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది కాబట్టి సంచి మూసి ఉన్నంతసేపు ఆ అమ్మోనియా అమ్మోనియంగా ఉండి పెద్దగా కాటేయదు. మూతి విప్పగానే గ్యాస్ పోతుంది, పీహెచ్ లేస్తుంది, మొప్పలు కాలతాయి. అందుకే దూరప్రయాణం చేసిన చేపకి గంట సేపు డ్రిప్ పెట్టడం (సంచిలోకి చుక్క చుక్కగా ట్యాంకు నీళ్ళు కలపడం) ప్రాణాంతకం. వేడి సరిపెట్టి, సంచి విప్పి, చేపని వెంటనే శుభ్రమైన నీళ్ళలోకి మార్చాలి, సంచి నీళ్ళు పారబోయాలి. బతికి చేరిన ఒక్కదాన్ని ఫొటో తీసి "రక్షించాను" అంటున్నాం. దార్లో పోయినవాటి ఫొటో ఎవరూ పెట్టరు.

పులసతీరం:
మేడమ్, దొంగరవాణా అంత ఘోరంగా జరిగేది నిషేధం ఉండబట్టే. బ్రెజిల్‌లోనే బార్సెలోస్ చూడండి. రియో నీగ్రోలో కార్డినల్ టెట్రా చేపని చిన్న చేతివలతో పట్టి, చట్టప్రకారం అమ్ముకుని ఊళ్ళకి ఊళ్ళు బతికాయి. చేప డబ్బిస్తోంది కాబట్టే అడవి నరకలేదు. అక్కడి జాలర్లతో పనిచేసే ప్రాజెక్ట్ పియాబా 1989 నుంచీ చెప్తున్నది అదే కదా. ఆల్టమీరా మనిషి మాత్రం కంప్రెసర్ గొట్టం నోట్లో పెట్టుకుని, నది అడుగున నల్లరాళ్ళ సందుల్లో పుల్లతో కదిపి చేపని తీస్తే దొంగా?

నల్లరాయి:
కార్డినల్‌తో పోలిక కుదరదు. నీట మునిగిన అడవిలో గుంపులు గుంపులుగా పెరుగుతుంది, ఎక్కువ భాగం ఏడాది బతికితే గొప్ప. నీళ్ళు తీసినప్పుడు గుంటల్లో చిక్కి చచ్చేవాటిని పట్టినా మరుసటి వరదకి గుంపు మళ్ళీ తయారవుతుంది. జీబ్రా విడతకి పెట్టేది పది పదిహేను గుడ్లు. మగది గూట్లో కూచుని కాయాలి, పిల్ల పెద్దదవడానికి రెండు మూడేళ్ళు. రాతి సందులోంచి ఒక పెద్ద మగదాన్ని లాగేస్తే ఆ గూడే పోయింది. ఈ లెక్కే దొంగ అమ్మకందారుని కూడా పట్టిస్తుంది. నెలనెలా ఒకే సైజు పెద్ద చేపలు ముప్పై చూపించేవాడి దగ్గర ఎన్ని జతలుండాలో వేసుకోండి. మీరు చెప్పే డైవర్‌కి దక్కేది చిల్లర, లాభం సరిహద్దు దాటించినవాడిది.

కొల్లేటికొంగ:
ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. 2022 సవరణతో సైటిస్ జాతులు వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. ఆ జాబితాలో ఉన్న ప్రాణి ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, అది పిల్లలు పెట్టినా చెప్పాలి. ఆసియా అరోవానా పెంచేవాళ్ళు చాలామంది ఇది పట్టించుకోలేదు.

పులసతీరం:
పోర్టల్, గడి, తీర్మానం! 2015 నవంబర్‌లో ఆనకట్టకి నడిపే లైసెన్సు ఇచ్చింది బ్రెజిల్ ప్రభుత్వ సంస్థ ఇబామా. చేపని పట్టినందుకు జాలరిని పట్టుకునేదీ ఆ ఇబామాయే. 11 వేల మెగావాట్ల కోసం నదిని మళ్ళించినవాళ్ళకి చట్టం అడ్డురాలేదు. నాలుగు చేపలు పట్టినవాడికి మాత్రం జైలు. అలాంటి చట్టాన్ని మీరు దేవుడి వాక్కులా వల్లించడం చూస్తే ఒళ్ళు మండుతోంది.

మోడరేటర్:
గొంతు తగ్గించండి ఇద్దరూ. మనుషుల మీదకి వెళ్ళొద్దు.

నల్లరాయి:
ఆ చట్టం న్యాయమైనదని నేనెక్కడా అనలేదు. ఆనకట్ట విషయంలో మీ కోపమే నాదీ. నేను భయపడేది వేరే. వోల్టా గ్రాండేకి ఎన్ని నీళ్ళు వదలాలన్న తగువు ఇంకా తేలలేదు. ఆనకట్ట నడిపే కంపెనీ లెక్కలో ఒక ఏడాది వరద నెలలో సెకనుకి 4,000 ఘనపు మీటర్లు, మరుసటి ఏడాది 8,000. ఒకప్పుడు ఆ నెలల్లో అంతకి రెట్టింపుకి పైనే పారేది. ఎక్కువ వదలమని వాదించేవాళ్ళ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం, ఇక్కడ తప్ప ఎక్కడా లేని ఈ చేప ఇంకా అక్కడే బతుకుతోందన్నది. దాన్ని ఏరేసి ట్యాంకుల్లో భద్రంగా ఉందని మనం చాటితే ఆ సాక్ష్యం బలం పోతుంది.

పులసతీరం:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. ఇప్పటికీ ఒప్పుకోను. మీరు నది తిరిగొస్తుందని లెక్క వేస్తున్నారు, నేను రాదని వేస్తున్నాను. రాకపోతే ట్యాంకుల్లో ఉన్నవే మిగులుతాయి.

మాధవి_డాలస్:
మిగలాలంటే ఏ జత ఎవరి సంతానమో రాసి ఉండాలి కదండీ. కాగితం లేని చేపల్ని కలుపుకుంటూ పోతే పది తరాలకి అన్నీ అన్నదమ్ములే అవుతాయి. ఆల్టమీరాలోనే యూనివర్సిటీ ల్యాబ్‌లో వీటిని పిల్లలు పెట్టిస్తున్నారు. నది పక్కనే, అక్కడి మనుషులతో.

ట్యాంక్‌మేట్:
పిల్లలు పెట్టించడానికి గూడు ఎంత ఉండాలి?

మాధవి_డాలస్:
పలక రాయిది, 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు వెడల్పు, వెనక మూసి ఉండాలి. మగది లోపల దూరితే ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుకు. నీళ్ళు 28 నుంచి 30 డిగ్రీలు, పంపు ధార గూటి మూతి ముందు నుంచి పోవాలి. జత మాత్రం కాగితం చూసి కొనండి.

పులసతీరం:
ఆ చివరి మాటకి నా అభ్యంతరం అలాగే ఉంది.